పెట్టిన పేరు మీద బెంగ: బియ్యంలో ఒకటి, నోట్లో ఒకటి, కాగితం మీద ఒకటి

బారసాల అయి తొమ్మిది రోజులు. వంటవాళ్ల లెక్క తేలిపోయింది, చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. బాబు పేరు అచ్చేయించిన రిటర్న్ గిఫ్ట్ స్టీలు డబ్బాలు ఓ ఇరవై మిగిలి అటకెక్కాయి. ఆ రాత్రి పదకొండు దాటాక మా చుట్టాలమ్మాయి ఫోన్ చేసింది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. పక్కగదిలో వాళ్లమ్మ వింటుందేమోనన్నట్టు గొంతు తగ్గించి, "అక్కా, పేరు మార్చొచ్చా?" అంది.

ఆ బాబు పేరు రియాన్ష్ అనుకుందాం, అసలు పేరు వాళ్లింట్లోనే ఉండనిద్దాం. పిల్లాడు చిత్తా నక్షత్రం నాలుగో పాదంలో పుట్టాడు కాబట్టి 'రీ' అక్షరం వచ్చింది. భార్యాభర్తలిద్దరూ నెల రోజులు ఫోన్లో వెతికారు, ఫ్యామిలీ గ్రూపులో ఓటింగ్ కూడా పెట్టారు. తీరా పేరు పెట్టాక చూస్తే వాళ్ల అపార్ట్‌మెంట్లోనే రెండో అంతస్తులో ఇంకో రియాన్ష్ ఉన్నాడు. అమ్మమ్మకు నోరు తిరగక 'రియాన్షు' అంటోంది. "నేను పిలుస్తుంటే ఎవరి పిల్లాణ్నో పిలుస్తున్నట్టుంది అక్కా" అంది.

వెంటనే అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. బియ్యంలో రాసిన పేరు మార్చొచ్చా? పిలిచే పేరు మార్చొచ్చా? కాగితం మీది పేరు మార్చొచ్చా? మూడింటికీ జవాబులు వేరు, గడువులు వేరు. మనవాళ్లకు వచ్చే టెన్షన్‌లో సగం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేదే.

అసలు ఏది నచ్చట్లేదు?

పెట్టిన పేరు మీద మనసు విరగడం అరుదైన సంగతేమీ కాదు, బయటికి చెప్పుకోవడమే అరుదు. బ్రిటన్‌లో మమ్స్‌నెట్ అనే తల్లిదండ్రుల వెబ్‌సైట్ 2016లో చేసిన సర్వేలో 18 శాతం మంది తల్లిదండ్రులు తమ పిల్లలకు వేరే పేరు పెట్టి ఉంటే బాగుండేదన్నారు. వెళ్లి మార్చుకొచ్చినవాళ్లు 2 శాతమే. మిగతావాళ్లు మనసులోనే పెట్టుకున్నారు.

నచ్చకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. అందరికీ తెలిసిన కారణం, పేరు మరీ ఎక్కువమందికి ఉండటం. ఒకప్పుడు క్లాసులో ముగ్గురు శ్రీనివాసులు, నలుగురు లక్ష్ములు ఉండేవాళ్లు. ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో పి. శ్రీను, కె. శ్రీను అని పిలుచుకుని కానిచ్చేవాళ్లం. అప్పుడు ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే ఎవరికీ లేని పేరు పెట్టాలన్న పట్టుదలే అప్పుడు లేదు. ఇప్పుడు పేరు కొత్తగా ఉండాలని అందరూ అవే యాప్‌లు చూస్తారు. అందరికీ అదే కొత్త పేరు దొరుకుతుంది.

రెండోది నోరు తిరగకపోవడం. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. బస్సు, కారు, రోడ్డు అన్నట్టే రియాన్ష్ కూడా అమ్మమ్మ నోట్లో రియాన్షు అవుతాడు. అది ఆవిడ తప్పు కాదు, భాష స్వభావం.

మూడోది అర్థం. అయాన్ష్ అంటే తొలి సూర్యకిరణం అని ఏదో సైట్ చెబుతుంది. సంస్కృత నిఘంటువు తెరిస్తే అలాంటి అర్థం తగలదు. అంశ అంటే భాగం, అంతవరకే నిజం. పేరు పెట్టాక ఎవరో పండితుడు "ఇదేం పేరండీ" అన్నాడంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. అలాగని అర్థం కుదరని పేర్లన్నీ చెడ్డవని కాదు. అనామిక అంటే పేరు లేనిది అని అర్థం. ఎంత చక్కటి పేరు!

కాలం పేరుకు రంగు మార్చడం ఇంకో రకం. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ భూమ్మీద పడుతుందని ఊళ్లకు ఊళ్లు హడలిపోయిన రోజుల్లో పుట్టి, ఆ పేరే మోస్తున్నవాళ్లు తెలుగునాట ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో కడప జిల్లాలో పుట్టిన ఇద్దరు పిల్లల పేర్లలో కరోనా అన్న మాట చేర్చారని పత్రికల్లో వచ్చింది. ఒక్కోసారి మన ప్రమేయమే ఉండదు. అమెరికాలో 2015లో ఆరు వేలమందికి పైగా ఆడపిల్లలకు అలెక్సా అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికే స్పీకర్ ఇంటింటికీ చేరాక, కొన్నేళ్లలోనే ఆ సంఖ్య వెయ్యి లోపుకు పడిపోయింది. అప్పటికే పేరు పెట్టేసినవాళ్లు ఏం చేస్తారు?

ఇక అన్నిటికన్నా మౌనంగా ఉండే కారణం, పేరు తాము పెట్టుకున్నది కాకపోవడం. మామగారి పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, ఆడపడుచు చెప్పిన పేరు. తల్లికి నచ్చిందా అని అడిగేలోపే పళ్లెంలో బియ్యం పోసేసి ఉంటారు.

ఇక్కడే ఇంకో మాట. కాన్పు తర్వాత తొలి వారాల్లో నిద్ర ఉండదు, ఒంట్లో హార్మోన్లు తలకిందులవుతాయి, ఏడుపు ఊరికే వస్తుంది. ఆ బెంగ ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి, కొందరి విషయంలో అది పేరును పట్టుకుంటుంది. పేరుతో పాటు తిండి, నిద్ర, బిడ్డను ఎత్తుకోవడం కూడా భారమైపోతుంటే అది పేరు సమస్య కాదు, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. మా చుట్టాలమ్మాయిని ముందు అదే అడిగాను. "అదేం లేదక్కా, పేరే" అంది.

మన సంప్రదాయంలో పేరు ఒక్కటి కాదు

బారసాల చాలా ఇళ్లలో 21వ రోజున చేస్తారు, కొందరు 11వ రోజునే కానిస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి బంగారు ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాస్తాడు. తర్వాత బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతాడు. కాసేపటికి ఆ బియ్యం తీసేస్తారు, రాత చెరిగిపోతుంది. ముస్లిం ఇళ్లలో ఏడో రోజు బిడ్డకు పేరు పెట్టే వేడుక, అఖీఖా ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల్లో బాప్టిజం నాడు ఇచ్చే పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు ఒకటి ఉండటం మామూలే.

నామకరణం పద్ధతిలోనే ఒకటికి మించి పేర్లున్నాయి. పుట్టిన మాసాన్ని బట్టి మాస నామం, నక్షత్రాన్ని బట్టి నక్షత్ర నామం, ఇంటి దేవుడి పేరు, లోకంలో పిలవడానికి వ్యవహార నామం. నక్షత్ర నామాన్ని నలుగురిలో వాడకుండా దాచి ఉంచే ఆచారం ఇంట్లో చేసే కర్మల పద్ధతులు చెప్పే పాత గ్రంథాలు, గృహ్యసూత్రాల కాలం నుంచీ ఉంది. బయటి పేరు కూడా నక్షత్రాక్షరంతోనే మొదలవ్వాలనే ఇప్పటి పట్టింపు, దాచుకోవాల్సిన పేరునూ పిలవాల్సిన పేరునూ కలిపేయడం వల్ల వచ్చిందే.

ఆ అక్షరాల లెక్క ఒకసారి చూస్తే ఎక్కడ తిరకాసు పడిందో తెలుస్తుంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇంతవరకూ బాగానే ఉంది. హస్త మూడో పాదానికి వచ్చేసరికి 'ణ' వస్తుంది. ఆరుద్ర మూడో పాదానికి 'ఙ'. ణతో మొదలయ్యే పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం! ఆ పిల్లలకు పురోహితులే వేరే అక్షరం చూసి సర్దుతారు. ఆ పాదాల్లో పుట్టినవాళ్లకు సర్దుబాటు ఉన్నప్పుడు, చిత్త నాలుగో పాదంలో పుట్టినవాడికి నక్షత్ర నామం 'రీ'తో సంకల్పానికి ఉంచి, బయటికి మాధవ్ అని పిలుచుకుంటే శాస్త్రం ఏమీ అనదు. చాలామంది పురోహితులు చెప్పేది కూడా ఇదే. నక్షత్రం సంకల్పంలో గోత్రంతో పాటు చెప్పుకోవడానికి, ఆధార్ కార్డు మీదికి కాదు.

పిలిచే పేరు ఇంకో లోకం. మొదటి మనవడికి తాతగారి పేరు పెట్టడం మన దగ్గర మామూలు. కానీ కోడలు మామగారిని పేరు పెట్టి పిలవకూడదు కదా. పిల్లాడు అల్లరి చేస్తే "వెంకటేశ్వర్లూ, దిగరా" అని అరవలేదు. అందుకని బుజ్జి, చిన్నా, నాని, పండు పుట్టుకొచ్చాయి. పెట్టిన పేరుతో తల్లికి ఇబ్బంది ఉందని ఇల్లు ఎప్పుడో ఒప్పుకుంది, దారి కూడా చూపించింది.

పేరు మార్చడం అపశకునం అనే మాటకూ పాత ఆధారం బలంగా లేదు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాత పుట్టినవాళ్లకు దిష్టి తగలకుండా పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవాళ్లు. జబ్బు చేసిన పిల్లను దేవుడికి అప్పజెప్పి ఆ దేవుడి పేరుతో పిలవడమూ ఉంది. అన్నవరం దగ్గర సత్తిబాబులు, సింహాచలం చుట్టూ అప్పన్నలు, విజయనగరంలో పైడిరాజులు, కొమురవెల్లి మల్లన్న పేరుతో కొమురయ్యలు, నెల్లూరు వైపు కసుమూరు దర్గా మొక్కుతో మస్తానయ్యలు ఉంటారు. వీళ్లలో చాలామంది పేరు వెనక ఒక మొక్కు ఉంటుంది, కొందరికి దానికన్నా ముందు ఇంకో పేరు కూడా ఉంటుంది. పేరు మార్పు బిడ్డకు గౌరవం తిరిగి ఇచ్చిన సందర్భమూ ఉంది. 2011లో మహారాష్ట్రలోని సతారాలో, నకుసా అంటే 'అక్కర్లేనిది' అనే పేరు మోస్తున్న రెండు వందలమందికి పైగా ఆడపిల్లలకు ఒకే సభలో కొత్త పేర్లు పెట్టారు.

21 రోజుల గందరగోళం

ఇప్పుడు కాగితం సంగతి. బారసాలకూ 21 రోజులే, జనన నమోదుకూ 21 రోజులే. ఈ పోలిక వల్ల చాలామంది పేరును కూడా 21 రోజుల్లోపు ఇచ్చేయాలని కంగారుపడతారు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని కింద 21 రోజుల్లో తెలపాల్సింది బిడ్డ పుట్టిందన్న సంగతి మాత్రమే. ఆస్పత్రిలో పుడితే ఆ పని ఆస్పత్రివాళ్లే చేస్తారు. ఆ ఫారంలో పేరు గడి ఉంటుంది గానీ, పేరు పెట్టకపోతే ఖాళీగా వదలమని అక్కడే రాసి ఉంటుంది. డిశ్చార్జి హడావుడిలో, ఒక చేత్తో బిల్లు, ఇంకో చేత్తో బిడ్డ ఉన్నప్పుడు కౌంటర్లో "బేబీ నేమ్?" అని అడుగుతారు. చెప్పి తీరాలేమో అనుకుని ఏదో ఒకటి చెప్పేసినవాళ్లు నాకు తెలుసు.

పేరు లేకుండా నమోదైతే ఆ తర్వాత చేర్పించే వీలు చట్టంలోని 14వ సెక్షన్ ఇస్తుంది. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు ఆలస్య రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో. ఒక లెక్క వేసి చూద్దాం. బిడ్డ జననం 2025 మార్చి 10న పేరు లేకుండా నమోదైందనుకోండి. 2026 మార్చి 10 వరకు ఆలస్య రుసుము ఉండదు. 2040 మార్చి 10 వరకు రుసుముతో వీలుంటుంది. ఊళ్లలో పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మునిసిపాలిటీ ఈ పని చూస్తాయి. మీసేవలో దీన్ని చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్ అంటారు. చైల్డ్ నేమ్ చేంజ్ అనరు. ఆ తేడా చిన్నదేం కాదు.

మా చుట్టాలమ్మాయి ఇక్కడే ఊపిరి పీల్చుకుంది. రియాన్ష్ అన్న మాట డబ్బాల మీద అచ్చయింది, బియ్యంలో ఉంది, గ్రూపు డీపీలో ఉంది. సర్టిఫికెట్‌లో గడి ఇంకా ఖాళీగానే ఉంది.

గడి నిండిపోతే

అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. చట్టంలోని 15వ సెక్షన్ తప్పులు దిద్దడానికి అధికారం ఇస్తుంది. దిద్దే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రిజిస్టర్‌లో పాత రాతను కొట్టేయరు, చెరపరు. పక్కన మార్జిన్లో సవరణ రాసి, తేదీ వేసి సంతకం పెడతారు. మొదట ఏం రాశారో ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

అక్షరం తప్పు పడితే అది తప్పే, దిద్దుతారు. "పేరు సరిగ్గానే రాశారు, మాకే నచ్చట్లేదు" అంటే అది తప్పు కిందకు వస్తుందా? రాదని రిజిస్ట్రార్లు అంటారు. వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. రిజిస్టర్ అంటే ఆ రోజు జరిగినదానికి సాక్ష్యం. ఇష్టం మారినప్పుడల్లా సాక్ష్యం మారితే దాని విలువ ఏముంటుంది, పేరు మార్చుకుని తప్పించుకోవాలనుకునేవాళ్లకు దారి ఇచ్చినట్టు కాదా అని.

రెండో పక్షం, పేరు మనిషి గుర్తింపులో భాగం అంటుంది. బడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉండిపోతే జీవితాంతం దెబ్బతినేది బిడ్డే. 2021 జూన్‌లో సీబీఎస్ఈ సర్టిఫికెట్ల కేసులో సుప్రీంకోర్టు, పేరు మీద హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. బోర్డు మార్పు కుదరదని ససేమిరా అనడానికి లేదని, అయితే తగిన ఆధారాలు అడగవచ్చని తేల్చింది. అది బోర్డు సర్టిఫికెట్ల గురించి చెప్పిన తీర్పు. జనన రిజిస్టర్ విషయంలో ఇప్పటికీ ఒక్కో కార్యాలయం ఒక్కోలా మాట్లాడుతుంది. ఒకచోట అఫిడవిట్‌తో పని అవుతుంది, ఇంకోచోట కోర్టుకు వెళ్లమంటారు.

మామూలుగా జనం తొక్కే దారి గెజిట్, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రిక. నోటరీ అఫిడవిట్, పత్రికలో "ఇకనుంచి మా అబ్బాయి ఈ పేరుతో పిలవబడును" అనే చిన్న ప్రకటన, తర్వాత గెజిట్‌లో ప్రచురణ. మైనర్ల తరఫున తల్లిదండ్రులు చేయించవచ్చు. గెజిట్ పాత సర్టిఫికెట్‌ను మార్చదు, పాత పేరూ కొత్త పేరూ ఒకే మనిషివని చెప్పే వంతెన అవుతుంది. ఆ తర్వాత ప్రతి అప్లికేషన్‌కూ దాని కాపీ కూడా జతచేసుకుంటూ పోవాలి.

2023 తర్వాత ఏం మారింది

చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్స్‌కు, ఓటరు జాబితాకు, పెళ్లి రిజిస్ట్రేషన్‌కు, ప్రభుత్వ ఉద్యోగానికి, ఆధార్‌కు పుట్టిన తేదీ, స్థలం నిరూపించే పత్రం జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టు నిబంధనలను కూడా 2025లో అలాగే మార్చారు. కచ్చితంగా చెప్పాలంటే అది తేదీకీ స్థలానికీ రుజువు. కానీ తేదీ ఉన్న కాగితం మీదే పేరూ ఉంటుంది, కాగితం ఎక్కడికి వెళితే పేరూ అక్కడికి వెళుతుంది.

మా తరానికి ఈ బాధ లేదు. బడిలో చేర్చేనాడు హెడ్మాస్టరు గారు అడిగితే నాన్న ఏది చెబితే అదే పేరు, ఆయన వేసిందే పుట్టినరోజు. జూన్‌లో పుట్టినరోజులున్నవాళ్లు మా బ్యాచ్‌లో అంతమంది ఎందుకున్నారో అందరికీ తెలుసు. అప్పుడు పేరు గురించి ఆలోచించుకోవడానికి ఐదేళ్లు దొరికేవి. ఇప్పుడు ఆ వెసులుబాటు సర్టిఫికెట్‌లో గడి ఖాళీగా ఉన్నంతవరకే.

ఆధార్ సంగతి ఇంకో మెలిక. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండా నీలం రంగు బాల ఆధార్ ఇస్తారు. ఆధార్‌లో పేరు సవరణ జీవితంలో రెండుసార్లే. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం దిద్దించినా అందులో ఒకటి ఖర్చయినట్టే. న్యూమరాలజీ వాళ్లు చెప్పారని చివర ఇంకో 'ఏ' తగిలించి, రెండేళ్లకు ఇంకొకరు చెప్పారని తీయించినవాళ్లకు కోటా అయిపోయినట్టే.

స్పెల్లింగూ ఇంటిపేరూ తెచ్చే తలనొప్పులు

పేరు బాగానే ఉండి, ఇంగ్లిష్‌లో రాసిన తీరు మీద బెంగ పెట్టుకునేవాళ్లు ఎక్కువ. మనం 'త'కు టీ పక్కన హెచ్ పెడతాం. లత ఢిల్లీ వెళితే లథ అవుతుంది. ప్రజ్ఞకు జీ రాయాలా, జే రాయాలా అన్నది తేలదు. జీ రాస్తే మనవాళ్లు సరిగ్గా పలుకుతారు, జే రాస్తే పండితులు సంతోషిస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. హర్షిత్ ఇక్కడ ముద్దొచ్చే పేరు. అమెరికా బడిలో ఆ పేరు చివరి నాలుగు అక్షరాలు చూసి తోటిపిల్లలు ఎందుకు నవ్వుతారో ఆరో తరగతి వచ్చేదాకా వాడికి అర్థం కాదు, అర్థమయ్యాక ఇంట్లో చెప్పడు.

ఇంటిపేరు మనకు ముందుంటుంది, ప్రపంచం వెనక అడుగుతుంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే రాయిస్తే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసాలో ఆ ఒక్క మాట సర్‌నేమ్ గడిలోకి పోయి, అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ', అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పినప్పుడు గల్ఫ్‌కు బయల్దేరినవాళ్లు ఎంత కంగారుపడ్డారో! ఇది పేరు నచ్చకపోవడం కాదు, పేరు రాయించిన తీరు నచ్చకపోవడం. దీనికి పేరే మార్చక్కర్లేదు, గడులు సరిచేయిస్తే చాలు.

మార్చాలా, అలవాటు పడాలా

అలవాటు పడమనేవాళ్ల దగ్గర మంచి వాదనే ఉంది. ఒకే మాటో బొమ్మో పదేపదే ఎదురవుతుంటే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. మనకు అనుభవమే. కొత్త కోడలి పేరు మొదటి నెల అందరికీ వింతగా ఉంటుంది, ఆర్నెల్లకు ఆ పేరు తప్ప ఆమెకు ఇంకోటి నప్పదనిపిస్తుంది. బిడ్డ మొహం ఏర్పడి, నవ్వి, అలిగి, పేరు నిండుతుంది. అప్పటిదాకా పేరు ఉత్త శబ్దమే.

మార్చమనేవాళ్లు అడిగేది వేరే ప్రశ్న. అలవాటయ్యేవి అలవాటవుతాయి, కానివాటి సంగతేంటి? శబ్దం నచ్చకపోవడం, అందరికీ ఉన్న పేరు కావడం, వదినగారు చెప్పిన పేరు కావడం కాలంతో సద్దుమణిగేవే. ప్రతి కౌంటర్లో స్పెల్లింగ్ చెప్పాల్సి రావడం, ఇంకో భాషలో బూతులా వినిపించడం, అర్థం నిజంగానే అవమానకరంగా ఉండటం సద్దుమణగవు, ఇంకా పెరుగుతాయి. నా మటుకు నాకు ఈ తేడా తేలాక సగం వాదన తీరిపోతుంది. మొదటి రకం బెంగకు కాగితం జోలికి పోనక్కర్లేదు, ఇంట్లో ఇంకో పేరు చాలు. రెండో రకం అయితే ఆలస్యం చేసేకొద్దీ కాగితాలు పేరుకుపోతాయి.

ఇద్దరికీ కుదరకపోతే? కేరళలో ఒక జంట విడిగా ఉంటూ, బిడ్డ పేరు మీద పంతానికి పోయారు. పేరు లేని సర్టిఫికెట్‌ను బడివాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 2023లో హైకోర్టే బిడ్డ మేలు చూసే పెద్దగా నిలబడి, తల్లి కోరిన పేరు ఉంచి, తండ్రి పేరు దానికి జతచేసి పెట్టింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఇంకో కేసులో గొడవ ఇంటిపేరుది. భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టుకుంటే, మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

బిడ్డకు ఎప్పటినుంచి తెలుస్తుంది

నాలుగున్నర నెలల పిల్లలు తమ పేరు శబ్దాన్ని వేరే పేర్ల నుంచి వేరుచేసి వింటారని 1995లో అమెరికా పరిశోధకులు గమనించారు. అది తన పేరని తెలిసి కాదు, తరచూ విన్న శబ్దం కాబట్టి. అప్పటికి పిలుపు మార్చినా బిడ్డ కొత్తదానికి కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. మూడేళ్ల పిల్లను "నీ పేరేంటమ్మా" అని అడిగితే ఇంటిపేరుతో సహా గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. అక్కడి నుంచి ఆ పేరు పెద్దవాళ్ల సొంతం కాదు, మార్చాలంటే ఆ పిల్లను ఒప్పించాలి. బెల్జియం పరిశోధకుడు యోజెఫ్ నుట్టిన్ 1985లో చెప్పిన దాని ప్రకారం మనుషులకు అన్ని అక్షరాల్లోకీ తమ పేరులోని అక్షరాలే ఎక్కువ ఇష్టం. తల్లికి నచ్చని పేరు మీద బిడ్డకు ఆ ఇష్టం ఏర్పడిపోయి ఉండొచ్చు.

మా చుట్టాలవాళ్లు నెల తిరక్కుండా మీసేవలో మాధవ్ అని రాయించారు. రీ అక్షరం పేరు సంకల్పానికి ఉంచుకున్నారు. అమ్మమ్మ మాత్రం బుజ్జిగాడనే అంటోంది, ఆవిడకు మూడు పేర్లూ అక్కర్లేదు.

ఈ మాధవ్‌కు 15 ఏళ్లు వస్తాయి. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా నింపే రోజు క్లాస్ టీచర్ బల్ల దగ్గరికి ఒక్కొక్కరినీ పిలుస్తారు. రెండు పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో అడిగి రాసుకుంటారు. పేరు పెద్దక్షరాల్లో చూపించి "ఒక్కో అక్షరం చూసుకో, మెమో మీద ఇదే వస్తుంది, తర్వాత నన్నడక్కు" అంటారు. ఆ కాగితం మీద తన పేరు పక్కన సంతకం వాడే పెడతాడు.